ఇంటిపేరులోని ఏనుగు

భర్తృహరి సుభాషితములను తెలుగు పద్యములుగా వల్లించని బాలురు మన నాట ఒకప్పుడు అరుదు. ఆ పద్యములను రచించిన ఏనుగు లక్ష్మణకవి 18వ శతాబ్దివాడు, పెద్దాపురపు కవి. గురువుగారు కవి పేరు చెప్పగానే "ఏనుగేమిటండీ?" అని నవ్వని తరగతి యుండదు. పిల్లలడిగిన ప్రశ్న మంచిదే. దానికి జవాబు పెద్దాపుర సంస్థానమందే దొరకును.

ఆ వంశమువారి తొలి యింటిపేరు పైడిపాటి. వారి పూర్వికుడు జలపాలామాత్యుడు పెద్దాపుర ప్రభువులవలన ఏనుగును బహుమానముగా పడసెను. అది మొదలు లోకులు వారిని ఏనుగువారనిరి, పైడిపాటి మరుగుపడెను. పాడు శబ్దము ఔపవిభక్తికమై పాటి యగునని మన వ్యాకరణము. కావున ఆ పాతపేరు ఊరినిబట్టి వచ్చినదని తోచుచున్నది. ఊరిపేరును ఏనుగు తొక్కివేసినది. దానిని మేపుటకు మంత్రిగారికెంత వ్యయమైనదో గాని, పేరు మాత్రము వెచ్చములేకయే తరతరములు నిలిచినది.

ఆ ప్రభువులు వత్సవాయివారు. వత్సవాయి అను ఊరు నేటికిని ఎన్.టి.ఆర్. జిల్లాలో మండల కేంద్రముగా నున్నది. గోదావరి సీమలో ఏలినవారి యింటిపేరు కృష్ణా ప్రాంతపు ఊరిని తలపించుట గమనింపదగినది. అయినను పేరు పోలికను మాత్రమే పట్టుకొని వంశవృక్షములు నాటువారిని నేను మెచ్చను. పేరు దారి చూపును, దస్తావేజు కాజాలదు.

ఐర్లండు చరిత్రలోను ఇట్టివే కలవు. 1185లో జాన్ రాకుమారునివెంట వచ్చిన థియొబాల్డ్ వాల్టరునకు పానపాత్రాధికారి పదవి లభింపగా, ఆ యుద్యోగమే 'బట్లర్' అను వంశనామమైనది. పిమ్మట 1465లో చేసిన శాసనమొకటి డబ్లిన్ చుట్టుపట్ల నివసించు ఐరిష్ వారిని ఊరిపేరో, రంగుపేరో, వృత్తిపేరో ఇంగ్లీషున పెట్టుకొనుడని నిర్బంధించెను. ఏలినవాడు భూమితో తృప్తిపడక పేరునుగూడ కోరును గదా! అయితే వలసవచ్చిన వంశములన్నియు పరాయివిగానే యుండలేదు. ఫిట్జ్‌గెరాల్డు వంశమున పుట్టిన ఎడ్వర్డు ప్రభువు ఐరిష్ స్వాతంత్ర్యముకొరకు పోరాడి 1798లో చెరసాలలో మరణించెను.

మన యింటిపేళ్లకు అట్టి శాసనమేదియు రాలేదు. మనమే వానిని పొట్టిచేసికొంటిమి. బడి పట్టీలలో, కచేరీ కాగితములలో ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరమై మిగిలినది. ఏనుగు, ఏలూరి, ఈమని అన్నియు ఒకే 'ఇ'. పాస్‌పోర్టు పత్రమున ముందుండవలసినది వెనుకకు పోవును. ఇంటిలో పాతబడిన దానపత్రములు, పెండ్లి శుభలేఖలు, పెద్దల చేతివ్రాతలు ఉన్నవారు, చెదలు పట్టకమునుపే అందలి యింటిపేరును, ఊరిని పూర్తిగా వ్రాసిపెట్టుకొందురు గాక. పెద్దవాండ్రు జ్ఞాపకముంచుకొన్నది ఇంకను అడిగిన చెప్పుదురు.