బతికిన మొక్కకే లెక్క

గోదావరిఖని చుట్టూ ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి గుట్టలు గుట్టలుగా నిలిచింది. బొగ్గు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. అదే బొగ్గు కోసం పొలాలూ చెట్లూ పోయాయి. ఇప్పుడు సింగరేణి సంస్థ మొక్కలు నాటిస్తోంది. వానాకాలంలో చర్చి ఆవరణల్లో మనమూ నాటుతున్నాం, ఫొటోలు దిగుతున్నాం. మరి ఏప్రిల్ ఎండల్లో వాటికి నీళ్లు పోసేదెవరు?

ఏదెను తోటలో దేవుడు మనిషికి రెండు పనులు అప్పగించాడు (ఆది 2:15). ఒకటి తోటను సాగుచేయడం, రెండోది దాన్ని కాపాడడం. మొదటిది మనకు బాగా గుర్తుంది. రెండోదాన్ని మరచిపోయాం.

మరచిపోని స్త్రీలు మన రాష్ట్రంలోనే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరి, ఎందుకూ పనికిరాదన్న బంజరు నేలలో చెట్లు పెంచారు, చిరుధాన్యాలు పండించారు, విత్తనాలు దాచారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

ఆఫ్రికాలోని కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టారు. నీళ్లకూ వంటచెరకుకూ దూరాలు నడిచే పల్లె స్త్రీలే ఆమె సైన్యం. మొక్కలు పెంచిన స్త్రీలకు ఉద్యమం కొద్దిపాటి సొమ్ము ఇచ్చేది, అదీ బతికిన మొక్కకే! అలా కోట్ల చెట్లు లేచాయి. 1999లో కరూరా అడవిని కాపాడబోయి ఆమె తలకు గాయమైంది. అయినా వెనుదిరగలేదు. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

నేల గురించి మాట్లాడడం ఆడవాళ్ల పనా అంటారు కొందరు. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి భూమి అడిగారు. వారి మాట న్యాయమైనదని దేవుడే చెప్పాడు (సంఖ్యా 27).

గని జీతంతో బతుకుతున్నాం కదా, నోరు విప్పితే ఏమవుతుందోనన్న భయం మన ఇళ్లలో ఉంది. జీతం ఇచ్చిన గనిపై కృతజ్ఞత ఉండవలసిందే. అయితే మన పిల్లలు పీల్చే గాలికీ మనమే జవాబుదారులం. కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మన తల్లులు వెళ్లి, కొట్టేసే చెట్లెన్ని, పెంచేవి ఎక్కడ అని మర్యాదగా అడగాలి. స్త్రీల సమాజం ఒక్కో కుటుంబానికి ఒక్కో మొక్క అప్పగించాలి. నాటిన రోజున కాదు, మూడు వేసవులు దాటి అది బతికిన రోజున సంఘమంతా దేవునికి కృతజ్ఞతలు చెల్లించాలి. కాపాడమన్న దేవుడు చూసేది ఆ లెక్కనే.