ఇంటిబండితో రాతితీరమున

నర్సీపట్నమునుండి సముద్రమునకు పోదలచినవారు దారి వెదకికొననక్కరలేదు. మన కొండలలో పుట్టిన ఏరులు రెండు ఎన్నడో ఆ దారి పట్టినవి. తాండవనది నాతవరము వైపున జలాశయమై నిలిచి, అచ్చటినుండి తుని, పాయకరావుపేటల నడుమ సాగి, పెంటకోటవద్ద సముద్రములో కలియును. వరాహనది కోటవురట్ల, యలమంచిలి ప్రాంతముల మీదుగా రాంబిల్లి దిక్కున కడలిని చేరును. అయినను మన ఊరివారికి కొండ పరిచయమైనంతగా సముద్రము పరిచయము కాలేదు. చింతపల్లికిని లంబసింగికిని పోయి వచ్చినన్ని మారులు రేవుపోలవరము పోయినవారు మనలో తక్కువ.

మా అమ్మగారికి డెబ్బదియెనిమిదేండ్లు నిండినవి. తీరమునకు యాబది కిలోమీటర్ల దూరముననే జీవితమంతయు గడపియు ఆమె సముద్రముపై సూర్యోదయమును ఒక్కమారైనను చూడలేదు. మోకాళ్ల నొప్పిచే ఇపుడు మెట్లెక్కలేదు. రాత్రి రెండుమూడు మారులు లేవవలసియుండును. పరాయి వంట ఆమెకు సరిపడదు. అందుచే మంచము, పొయ్యి, నీటితొట్టి, చిన్న స్నానపుగది గల కారవాన్ బండినొకదానిని అద్దెకు తీసికొని నాలుగు దినములు తీరము వెంబడి తిరిగితిమి. అమ్మ దానికి ఇంటిబండి అని పేరు పెట్టినది. ఆ పేరే ఇచ్చట వాడుచున్నాను.

ఇల్లు వెంటగొని తిరుగుట మనకు కొత్త కాదు. గూడుబండిలో వంటపాత్రలు, పరుపులు, పశువుల మేత వేసికొని తిరునాళ్లకు పోయిన తరము పూర్తిగా కనుమరుగు కాలేదు. అంతకు పూర్వము ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, పల్లకీ, డేరాలు, బోయీలు, వంటవారు మొదలగు పరివారముతో పదునైదు నెలలకు పైగా సంచరించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిరి. తిరుగుప్రయాణమున ఆయన జగన్నాథమునుండి విశాఖ ప్రాంతము మీదుగా తీరపు దారినే వచ్చిరి. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకిని నీరు దొరకునా, అంగళ్లు కలవా, దిగుటకు చోటు కలదా అని వ్రాసియుంచిరి. ఇంటిబండివారు నేటికిని అడుగవలసిన ప్రశ్నలు సరిగా అవియే. కేంద్ర పర్యాటకశాఖ కారవాన్ యాత్రలకొక విధానమును ప్రకటించి పదేండ్లు దాటినది. కాని నీరు, విద్యుత్తు, మురుగు వదలు ఏర్పాటు గల విడిదులు దారిపొడుగునను ఉండునని నమ్మి బయలుదేరరాదు.

మన తీరము స్వభావమును కొంత తెలిసికొనవలెను. గోదావరి డెల్టాలో తీరము నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినది; చదునుగా ఉండును. తుని దాటి ఉత్తరమునకు వచ్చినకొలది తూర్పుకనుమల శాఖలు అచ్చటచ్చట సముద్రమువరకు దిగివచ్చినవి. ఈ కొండల రాతికి భూశాస్త్రజ్ఞులు ఖోండలైట్ అని పేరు పెట్టిరి. ఒరిస్సా కొండలలోని కోండు జాతివారి పేరు దానికి మూలము. ఎండకు వానకు ఈ రాయి మెత్తబడి ఎఱ్ఱమన్నగును. మెత్తబడని భాగము అలల నడుమ బండలై మిగులును. ఒడ్డున ఇసుకలో కనిపించు నల్లని చారలు నూనె మరకలని కొందరందురు. చాలచోట్ల అవి గార్నెట్, ఇల్మెనైట్ వంటి బరువైన ఖనిజముల రేణువులు. తేలిక ఇసుకను అల కొనిపోవును, బరువైనది నిలుచును.

ఈ రీతిగా కొండముక్కు, ఇసుకవంపు, ఏటిమొగ, మరల కొండముక్కు అను వరుసలో తీరము మడతలు పడియున్నది. మన రాష్ట్రపు తీరము 974 కిలోమీటర్లని బడిలో చదివితిమి. ఇటీవల సూక్ష్మముగా కొలువగా 1,053 కిలోమీటర్లని తేలినది. సముద్రము పెరిగినందున కాదు, మడతలను విడువక లెక్కించినందున.

మడతలను దాటలేకయే జాతీయరహదారి లోపలినుండి పోవుచున్నది. రహదారిపై తునినుండి విశాఖపట్నమువరకు పోయినవాడు సముద్రమును దాదాపు చూడడు. చూడగోరువాడు ఒక పల్లెదారిన ఒడ్డుకు దిగి, మరల అదే దారిన రహదారికి ఎక్కి, మరికొంత సాగి, ఇంకొక దారిన దిగవలెను. పటములో రేవుపోలవరము, పూడిమడక దగ్గర దగ్గరగా కనిపించును, నడుమ మొగలున్నవి. పల్లెదారులలో విద్యుత్తు తీగలు, చింతకొమ్మలు ఇంటిబండి నడినెత్తికి తగులును. మావాడొకడు బండి ముందు కఱ్ఱ పట్టుకొని నడువవలసివచ్చినది.

మొదటి రాత్రి ఒక జాలరిపల్లె చివర ఒడ్డున బండి నిలిపితిమి. ఇసుక గట్టిగా, చదునుగా ఉన్నదని సంతోషించితిమి. వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు కొంతసేపు చూచి, లేచి వచ్చి, "బాబూ, రేతిరి పోటు ఇక్కడిదాకా వస్తాది. రేపు పున్నమి. ఇల్లు ఎనక్కి తీసుకుపొండి" అన్నాడు. మాకు నమ్మిక కలుగలేదు; నీరు అంత దూరముననున్నది. అయినను పెద్దవాని మాట త్రోయలేక బండిని వెనుకకు తీయబోగా చక్రములు దిగబడినవి. పల్లెలోని పడుచువాండ్రు పదిమంది వచ్చి, పడవలను జరుపు దుంగలు చక్రములక్రింద వేసి బండిని గట్టెక్కించిరి. తెల్లవారి చూడగా మేము మొదట నిలిపినచోట నురుగుచార ఎండియున్నది.

కారణము కష్టమైనది కాదు. ఈ తీరమున పోటుపాటుల నడుమ నీటిమట్టపు తేడా రెండు మీటర్లకు లోపే. కాని వాలు తక్కువగల ఇసుకపై ఒక మీటరు ఎత్తు పెరిగిన నీరు ఎన్నియో గజములు లోపలికి ప్రాకును. పున్నమికి, అమావాస్యకు సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసివచ్చుటచే పోటు హెచ్చును. గట్టిగా, చదునుగా ఉన్న ఇసుక గట్టిపడినది నీరు వచ్చిపోవుటచేతనే. పడవలు ఎచ్చటివరకు లాగియుంచిరో చూచి, దానికి ఎగువనే బండి నిలుపవలెను. అదియును అడిగి నిలుపవలెను. ఖాళీగా కనిపించు ఇసుక చేపలెండబెట్టు కళ్లమో, వలలారవేయు తావో అయియుండును. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము గనుక ఆ దినములలో ఒడ్డంతయు పడవలతో నిండియుండును. జనవరి మొదలు మార్చివరకు తాబేళ్లు ఒడ్డెక్కి గ్రుడ్లు పెట్టును. బండి దీపములు వానిని దారి తప్పించును. రాత్రి దీపమార్పి తెర వేయుట మేలు.

ఆ ఉదయము అమ్మ మంచముపై కూర్చుండియే, తలుపు తెఱపించుకొని, సూర్యుడు నీటినుండి పైకి వచ్చుట చూచినది. చూచినంతసేపు మాటాడలేదు. తరువాత కాఫీ అడిగినది.

పూడిమడకలోను, రేవుపోలవరములోను, విశాఖ రామకృష్ణా బీచిలోను స్నానమునకు దిగి ప్రాణములు పోగొట్టుకొనినవారి వార్త ఏటేట వినుచున్నాము. ఈతగాండ్రును అందులో ఉందురు. అలలు ఒడ్డునకు నెట్టిన నీరు ఏదో ఒక దారిన వెనుకకు పోవలెను. ఇసుకమెట్టల నడుమనో, బండల ప్రక్కనో సన్నని కాలువయై వేగముగా లోపలికి లాగును. ఆ చోట అలలు విరుగవు, నీరు ప్రశాంతముగా కనిపించును. తెలియనివాడు అదే మంచిచోటని దిగును. లాగుడులో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదక, తీరమునకు సమాంతరముగా ఈది కాలువ వెడల్పు దాటిన పిదప ఒడ్డుకు తిరుగవలెను. ఎదురీదినవాడు అలసి మునుగును. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము ఇన్‌కాయిస్ అలల ఉద్ధృతిని గూర్చి హెచ్చరికలు ఇచ్చుచున్నది; అవి రేడియోలో వచ్చునపుడు వంటింటి చప్పుడు ఆపి వినవలెను.

పూడిమడకనుండి గంగవరమువరకు తీరము యాత్రికునిది కాదు. పరిశ్రమలు, విద్యుత్కేంద్రము, ఉక్కు కర్మాగారము, ఓడరేవు, నౌకాదళపు హద్దులు వరుసగా ఉన్నవి. మేము అప్పికొండ శివాలయము చూచి రహదారికి మరలితిమి. యారాడకు కొండ ఎక్కి దిగు దారి పెద్దబండికి తగదు. కారులో పోవుట మంచిది. డాల్ఫిన్స్ నోస్ అను ఆ కొండముక్కు చాటు ఉండుటచేతనే 1933లో విశాఖ ఓడరేవు నిలువగలిగినది.

విశాఖనుండి భీమునిపట్నమునకు పోవు బాటపై మాత్రము సముద్రము కుడిప్రక్క విడువక వచ్చును. తొట్లకొండను, మంగమారిపేట ఒడ్డున అల తొలిచిన రాతితోరణమును ఇతరులు చాల వ్రాసిరి. నేను ఎఱ్ఱమట్టి దిబ్బలను గూర్చి ఒక మాట చెప్పవలెను. మంచుయుగమున సముద్రము వెనుకకు తగ్గినపుడు బయటపడిన ఇసుకను గాలి లోపలికి ఎగురవేసి పోగుచేసినది. వేల ఏండ్లలో ఇనుప ఆక్సైడు రేణువు రేణువునకు పూతవలె పట్టి ఎఱ్ఱబార్చినది. వానకాలువలు ముప్పది మీటర్ల దిబ్బలను సందులుగా కోసినవి. తమిళనాడు తేరిలలోను, సింహళమునను ఇట్టివి కలవు. మరి ఎక్కువ చోట్ల లేవు. 2014లో వీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చిరి. ఇంత చేసినను అది సిమెంటు పట్టిన రాయి కాదు, మన్ను. ఒక చక్రపుజాడ తరువాతి వానకు కాలువయగును. కావున బండిని బాటపైననే విడిచితిమి. అమ్మ దిగలేకపోయినది, దోసెడు మన్ను తెమ్మన్నది. తేలేదు. అందుకు ఇప్పటికిని నిష్ఠూరమాడుచున్నది.

భీమునిపట్నమున గోస్తనీనది మొగ చూచి వెనుదిరిగితిమి. నాలుగు దినములు దిగుచు ఎక్కుచు పోయిన దూరమును రహదారిపై మూడు గంటలలో తిరిగివచ్చితిమి. బండి అడుగుభాగమును మంచినీటితో రెండుమారులు కడిగించితిమి. ఉప్పు తడి ఇనుమును త్వరగా తినును. ఇంటికి చేరిన పిదప అమ్మ, మన తాండవ కలియు పెంటకోట చూపలేదేమని అడిగినది. వచ్చు మాఘమున మొదట అచ్చటికే పోవలెనని అనుకొనినాము.