హైపర్‌మొబిలిటీ

బొటనవేలిని ముంజేతికి తాకించి తోటివాళ్లను ఆశ్చర్యపరిచే పిల్లలు చాలా బళ్లలో ఉంటారు. కీళ్లు మామూలు హద్దు దాటి వంగడమే హైపర్‌మొబిలిటీ. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లలోని కొలాజెన్ తీరు దీనికి ముఖ్య కారణం. తరచూ వంశపారంపర్యంగా వస్తుంది, ఆడపిల్లల్లో ఎక్కువ. చాలామందికి ఏ బాధా ఉండదు, చికిత్సా అక్కర్లేదు.

కొందరికి మాత్రం సాయంత్రమయ్యేసరికి మోకాళ్లు పీకుతాయి, చీలమండలు మెలికపడతాయి, రాస్తుంటే వేళ్లు లాగుతాయి. వీళ్లను బద్ధకస్తులని కసరడం అన్యాయం.

కీళ్ల వదులును బైటన్ స్కోరుతో కొలుస్తారు. చిటికెన వేళ్లు, బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లకు రెండేసి, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తే ఒకటి, మొత్తం 9. 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం యుక్తవయసు రాని పిల్లల్లో కనీసం 6, వచ్చిన పిల్లల్లో కనీసం 5 ఉంటే కీళ్లు వదులని లెక్క. స్కోరు ఒక్కటే జబ్బుకు రుజువు కాదు. కీళ్లు పదేపదే తొలగుతున్నా, చర్మం మరీ సాగుతున్నా ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్ అనే బంధన కణజాల జబ్బు ఉందేమో వైద్యులు చూడాలి.

ఫిజియోథెరపీ అనగానే సాగదీసే వ్యాయామాలు గుర్తొస్తాయి. ఇక్కడ అసలు కావలసింది బలం. తొడ, పిరుదులు, భుజాల కండరాలు గట్టిపడితే లిగమెంట్ల పని కొంత అవి మోస్తాయి. మోకాళ్లను వెనక్కి నెట్టి నిలబడే అలవాటు మాన్పిస్తారు. కీలు ఏ స్థితిలో ఉందో శరీరానికి తెలిసేలా ఒంటికాలిపై నిలబడడం వంటివి చేయిస్తారు. ఫలితానికి నెలలు పట్టవచ్చు. ఆటలు మాన్పించకూడదు, ఈత, సైకిలు చాలామందికి సరిపడతాయి. బాగున్న రోజున అతిగా ఆడి, మర్నాడంతా మంచమెక్కకుండా రోజూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి.