ఒక్క గుండు పేల్చకుండా ఖజానా నింపే ఓడలు: యూరోపా యూనివర్సాలిస్ 4లో ట్రేడ్ ఫ్లీట్ అసలు లెక్క

స్ట్రాటజీ గేమ్‌లో నౌకాదళం అనగానే ఫిరంగులు, మంటలు, మునిగిపోయే ఓడలు గుర్తొస్తాయి. నేనూ అలాగే అనుకుని యూరోపా యూనివర్సాలిస్ 4లో మొదటి మూడు క్యాంపెయిన్లు పాడుచేసుకున్నాను. ఉన్న డబ్బంతా పెద్ద యుద్ధనౌకల మీద పెట్టడం, వాటిని పోర్టులో ఊరికే నిలబెట్టడం, నెలనెలా మెయింటెనెన్స్ కట్టడం, చివరికి అప్పుల్లో పడటం. ఇదే వరస. నాలుగోసారికి గానీ విషయం అర్థం కాలేదు. ఈ గేమ్‌లో మనకి అన్నం పెట్టేది యుద్ధానికి పెద్దగా పనికిరాని చిన్న ఓడలే.

ఆ ఓడలు డబ్బు ఎలా తెస్తాయి, ఎన్ని కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెడితే దండగ అనేది ఇక్కడ చెప్తాను. చివర్లో మా నాన్న అడిగిన ఒక ప్రశ్న కూడా ఉంది. దానికి ఈ గేమ్‌లో నాకు సమాధానం దొరకలేదు.

ముందుగా గేమ్ గురించి రెండు ముక్కలు

స్వీడన్‌కి చెందిన పారడాక్స్ స్టూడియో 2013లో తెచ్చిన గేమ్ ఇది. 1444 నవంబర్ 11న మొదలై 1821 దాకా నడుస్తుంది. పోర్చుగల్, విజయనగరం, మింగ్ చైనా, ఇలా ఏ దేశాన్నైనా ఎంచుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మీద ఆడుతుంది, ఫోన్ వెర్షన్ లేదు. గ్రాఫిక్స్ కార్డ్ మీద పెద్దగా భారం ఉండదు కానీ ప్రాసెసర్‌ని మాత్రం బాగా వాడుకుంటుంది. నా లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్‌ది, పాతది. 1700 దాటాక నెలలు నత్తనడక నడుస్తాయి, అయినా ఆట ఆగదు.

ట్రేడ్ కోసం ప్రపంచాన్ని నోడ్‌లుగా విడగొట్టారు. కోరమాండల్, బెంగాల్, మలక్కా, సెవిల్లే, ఇంగ్లిష్ ఛానెల్, ఇలా అన్నమాట. ఒక నోడ్‌లోని ఊళ్లలో తయారైన సరుకు విలువ అక్కడ పోగవుతుంది. అక్కడే ఎవరైనా వసూలు చేసుకోవచ్చు, లేదా కింది నోడ్‌కి పంపొచ్చు.

మాది కృష్ణా జిల్లా కాబట్టి నాకు దీన్ని కాలువలతో పోల్చుకుంటేనే ఎక్కింది. పైన లాకుల దగ్గర ఉన్నవాళ్లు నీళ్లు ఆపుకుంటే శివారు భూములకి అందవు. అలాగని పైనున్నవాళ్లకి పట్టు లేకపోతే నీళ్లన్నీ కిందికే పోతాయి. ఈ ఆటలో కాలువలన్నిటికీ శివారు మూడే చోట్ల ఉంది: ఇంగ్లిష్ ఛానెల్, జెనోవా, వెనిస్. మూడూ యూరప్‌లోనే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

లైట్ షిప్ లెక్క

ఒక నోడ్‌లో ఎవరి వాటా ఎంత అనేది ట్రేడ్ పవర్‌ని బట్టి ఉంటుంది. మన చేతిలో ఉన్న ఊళ్లు, పోర్టులు, అక్కడ పెట్టిన మర్చంట్ కొంత పవర్ ఇస్తాయి. మిగతాది లైట్ షిప్‌లు ఇస్తాయి. వాటికి ‘ప్రొటెక్ట్ ట్రేడ్’ అనే మిషన్ ఇచ్చి పంపితే చాలు, అక్కడ తిరుగుతూ మన వాటా పెంచుతాయి. పెద్ద యుద్ధనౌకలకి ఈ పని రాదు.

మొదట్లో దొరికే లైట్ షిప్ పేరు బార్క్. ధర 20 డకాట్లు, ఇచ్చే ట్రేడ్ పవర్ 2. చివర్లో వచ్చే గ్రేట్ ఫ్రిగేట్ అయితే 5 ఇస్తుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. టెక్నాలజీ బోనస్‌లు, మెయింటెనెన్స్ పక్కన పెట్టి సింపుల్‌గా వేస్తున్నాను. ఒక నోడ్‌లో నెలకి 20 డకాట్ల విలువ ఉంది. అందరి ట్రేడ్ పవర్ కలిపి 200, అందులో మనది 50. అంటే వాటా 25 శాతం, నెలకి 5 డకాట్లు.

ఇరవై బార్క్‌లు కొన్నాం. ఖర్చు 400 డకాట్లు. మన పవర్ 90 అయింది, మొత్తం 240 అయింది. వాటా 37.5 శాతం, నెలకి 7.5 డకాట్లు. పెరిగింది రెండున్నర. పెట్టుబడి తిరిగి రావడానికి 160 నెలలు, అంటే 13 ఏళ్లు దాటుతుంది.

బాగుంది కదా అని ఇంకో ఇరవై కొన్నామనుకోండి. పవర్ 130, మొత్తం 280. నెలకి సుమారు 9.3 డకాట్లు. ఈసారి పెరిగింది 1.8 కూడా లేదు. అదే 400 డకాట్లు తిరిగి రావడానికి ఈసారి 18 ఏళ్లు దాటుతుంది.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఎన్ని ఓడలుంటే అంత డబ్బు అనుకున్నాను. నిజానికి ప్రతి కొత్త ఓడా ముందు ఓడ కంటే తక్కువే తెస్తుంది. పైగా ఫోర్స్ లిమిట్ దాటితే మెయింటెనెన్స్ పెరిగిపోతుంది. కాబట్టి కొనే ముందు నోడ్ విండో తెరిచి మూడు అంకెలు చూడండి: నోడ్ విలువ, మొత్తం పవర్, మన పవర్. క్యాలిక్యులేటర్ తీయడానికి సిగ్గుపడొద్దు. నేను ఆఫీసులో లంచ్ బ్రేక్‌లో ఎక్సెల్ షీట్ వేసుకుని మరీ ఆడాను.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

మన వాటా ఇప్పటికే 80, 90 శాతం ఉన్న నోడ్‌లో ఓడలు పెడితే దండగ. విలువ ఎక్కువగా ఉండి, మన వాటా తక్కువగా ఉండి, పోటీ పవర్ మరీ ఎక్కువ లేని చోట పెడితే లాభం.

రెండోది, దారి మొత్తం చూసుకోవాలి. పోర్చుగల్‌గా ఆడినప్పుడు నేను కోరమాండల్ దాకా ఓడలు పంపాను. అక్కడి విలువని మధ్య నోడ్‌లు దాటించి, గుడ్ హోప్ అగ్రం, ఐవరీ కోస్ట్ మీదుగా నా సొంత నోడ్ సెవిల్లేకి తేవాలని ప్లాన్. పైన అంతా బాగానే ఉంది. మధ్యలో నాకు పట్టు లేని చోట మాత్రం పక్కవాడు హాయిగా దోసిలి పట్టాడు. ఇరవై ఏళ్లు వాడి కోసం కూలీ చేశానని తర్వాత తెలిసింది. దారిలో ప్రతి మలుపు దగ్గరా మర్చంట్ గానీ, పోర్టు గానీ, కొన్ని ఓడలు గానీ ఉండాల్సిందే. అన్నీ కుదిరితే మాత్రం మర్చంట్ మళ్లించిన విలువ దారిలో కొంచెం పెరుగుతుంది కూడా.

మూడోది, సముద్రం లేని నోడ్‌కి ఓడలు వెళ్లవు. వినడానికి సిల్లీగా ఉంటుంది కానీ అక్కడ భూమ్మీద పట్టు ఉన్నవాడిదే రాజ్యం.

యుద్ధం వస్తే?

లైట్ షిప్‌లు పెద్ద నౌకల ముందు నిలబడవు. యుద్ధం ప్రకటించే ముందే మిషన్ ఆపి వాటిని పోర్టుకి పిలిపించుకోండి. నేను ఒకసారి మర్చిపోయాను. ముప్పై ఓడలు రెండు నెలల్లో పోయాయి. యుద్ధం గెలిచాను, కానీ ఆదాయం కోలుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది. అందుకే కొన్ని పెద్ద నౌకలు కూడా అవసరం. అవి డబ్బు తేవు, తెచ్చేవాటిని బతికిస్తాయి. శత్రువు పోర్టుని బ్లాకేడ్ చేస్తే దాని ట్రేడ్ పవర్ కూడా తగ్గుతుంది.

‘ప్రొటెక్ట్’ అనే మాట వెనక

ఈ మిషన్ పేరు నాకు కొన్నాళ్లు మామూలుగానే అనిపించింది. విజయనగరంగా ఆడినప్పుడే దాని రంగు తెలిసింది. తూర్పు తీరంలో పోర్టులు నావి, సైన్యం పెద్దది, ఎవరితోనూ యుద్ధం లేదు. కానీ యూరప్ ఓడలు వచ్చాక ఏటేటా నా కోరమాండల్ వాటా కరిగిపోతోంది. ఒక్క ఊరు కూడా పోలేదు, ఆదాయం మాత్రం పోతోంది. ఎవరు ఎవరిని ‘ప్రొటెక్ట్’ చేస్తున్నట్టు?

చరిత్రలో దీనికి దగ్గరి పోలిక పోర్చుగీసు వాళ్ల ‘కార్తాజ్’. 1509లో దీవ్ దగ్గర నౌకాయుద్ధం గెలిచి, 1510లో గోవా, 1511లో మలక్కా, 1515లో హోర్ముజ్ పట్టుకున్నారు. హిందూ మహాసముద్రంలో తిరిగే వ్యాపార ఓడలు తమ దగ్గర పాస్ తీసుకోవాలన్నారు. దాని పేరే కార్తాజ్. పాస్‌కి డబ్బు కట్టాలి, వాళ్ల పోర్టులో ఆగి సుంకం కట్టాలి. పాస్ లేని ఓడ దొరికితే సరుకుతో సహా పట్టుకుపోతారు. అంటే మన ఓడని కాపాడతామని డబ్బు తీసుకునేదీ వాళ్లే, కట్టకపోతే దోచుకునేదీ వాళ్లే. గేమ్‌లో ఇదంతా ఒక పచ్చ రంగు అంకెగా కనిపిస్తుంది. ప్లస్ రెండున్నర డకాట్లు, అంతే.

నాన్న ప్రశ్న

మా సొంతూరు బందరు, అదే మచిలీపట్నం. గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు అదే. 1605లో డచ్చి వాళ్లు, 1611లో ఇంగ్లిష్ వాళ్లు అక్కడికి వచ్చి వ్యాపారం మొదలుపెట్టారు. డచ్చి వాళ్ల సమాధులు ఇప్పటికీ మా ఊళ్లో ఉన్నాయి.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు పోర్చుగల్ క్యాంపెయిన్ నడుస్తోంది. నాన్న వెనక నిలబడి చూస్తున్నారు.

“ఇందులో మన బందరు ఎక్కడరా?”

కోరమాండల్ నోడ్ చూపించాను. దాన్నుంచి పడమటి వైపు పోయే బాణాలు చూపించి, ఈ డబ్బు నా దగ్గరికి వస్తుంది నాన్నా అని గొప్పగా చెప్పాను.

ఆయన కాసేపు చూసి అన్నారు, “మరి ఇటు వచ్చే బాణం ఏదిరా? వాళ్లు ఊరికే పట్టుకుపోయారా ఏంటి?”

నా దగ్గర మాట లేదు. ఎందుకంటే ఆయన అడిగింది కరెక్టే. ఈ గేమ్‌లో బాణాల దిశ మారదు. ఎన్ని ఓడలు పెట్టినా మన వాటా మారుతుందే తప్ప దిక్కు మారదు. కానీ అసలు చరిత్రలో మన నేతబట్ట కొనడానికి యూరప్ వాళ్లు వెండి మోసుకొచ్చారు. ఇక్కడివాళ్లకి వాళ్ల సరుకు పెద్దగా అక్కర్లేదు, వెండి కావాలి. డచ్చి వాళ్లు కోరమాండల్ బట్ట కొన్నది ముఖ్యంగా తూర్పు దీవులకి తీసుకెళ్లి మసాలా దినుసులకి మార్చుకోడానికి. అంటే బట్ట తూర్పుకి, మసాలాలు పడమటికి, వెండి మన వైపుకి. బాణాలు మూడు దిక్కులా పోవాలి. గేమ్‌లో అవన్నీ కలిపి పడమటికే తిప్పేశారు.

దీన్ని గేమ్ తప్పు అని కొట్టిపారేయను. ఇన్ని వందల దేశాల లెక్క నడపాలంటే ఏదో ఒకటి సింపుల్ చేయాలి. నేనూ రోజూ కోడ్‌లో అదే పని చేస్తాను. కాకపోతే ఎవరి ఊరిని సింపుల్ చేశారో తెలిసి ఆడితే ఆట వేరేగా ఉంటుంది. ఆ రాత్రి నేను పోర్చుగల్ సేవ్ పక్కన పెట్టి విజయనగరం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి గుర్రాలు, ఏనుగుల మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి, వాళ్లు రాకముందే కోరమాండల్‌లో నలభై లైట్ షిప్‌లు దింపాను. రెండో ఇరవైకి లాభం తక్కువని తెలిసే కొన్నాను. దిక్కు మార్చలేకపోయాను, కానీ 1650లో కూడా అక్కడి వాటాలో సగానికి పైగా నాదే.

మీరు ఆడొచ్చా?

లెక్కలంటే ఇష్టం, ఓపిక ఉంది అంటే కళ్లు మూసుకుని ఆడొచ్చు. డీఎల్‌సీలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేసారి కొనకండి, సేల్ వచ్చేదాకా ఆగండి. ఫోన్‌లోనే ఆడాలనుకుంటే ఎంపైర్: టోటల్ వార్ 2024లో ఆండ్రాయిడ్, ఐఓఎస్‌కి వచ్చింది. అందులో శత్రువు ట్రేడ్ రూట్ గీత మీద మన యుద్ధనౌకని నిలబెడితే ఆ ఆదాయంలో కొంత మనకి వస్తుంది. అక్కడ ‘ప్రొటెక్ట్’ లాంటి మర్యాదలు లేవు, దోపిడీని దోపిడీ అనే చూపిస్తుంది.

2025 నవంబర్‌లో యూరోపా యూనివర్సాలిస్ 5 కూడా వచ్చింది. 1337 నుంచి మొదలవుతుంది, ఒకే దిక్కు బాణాలు తీసేసి మార్కెట్ల మధ్య సరుకులు నడిపే పద్ధతి పెట్టారు. నా పాత లాప్‌టాప్ దాన్ని మోయలేదు. కొత్తది కొన్నాక మొదటి ఆట నాన్న పక్కన కూర్చుని ఆడాలని ఉంది.