మిగిలింది చెత్త కాదు, మరిచిపోయిందే చెత్త

ఆదివారం రాత్రి హైదరాబాద్ గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఫ్రిజ్‌లు ఖాళీ అయ్యే వేళ. బుధవారం నాటి పప్పు, గురువారం తెప్పించుకున్న బిర్యానీలో సగం, వాడిపోయిన కొత్తిమీర కట్ట, పులిసిపోయిన దోసెల పిండి అన్నీ తడిచెత్త డబ్బాలోకి వెళ్తాయి. వంటమనిషి పొద్దున్నే వచ్చి రెండు పూటలకూ వండి వెళ్తుంది. ఆఫీసులో మీటింగు ఆలస్యమైతే భోజనం అక్కడి క్యాంటీన్‌లోనే అయిపోతుంది. ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండదు, ఫోన్‌లో వేలు కదిపితే వేడివేడి తిండి గుమ్మంలోకి వస్తుంది. వండిన కూర గిన్నెలోనే ఉండిపోతుంది.

కావాలని ఎవరూ పారేయరు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని విని పెరిగిన వాళ్లమే మనమంతా. అయినా పారేస్తున్నామంటే అందుకు మన అపోహలే చాలావరకు కారణం. కొన్ని అపోహలు మంచి తిండిని చెత్తలో వేయిస్తాయి, మరికొన్ని చెత్తలో వేయాల్సినదాన్ని తినిపిస్తాయి. రెండు రకాలనూ వదిలించుకోవాలి.

అపోహ 1: తిండి వృథా అయ్యేది పెళ్లిళ్లలో, హోటళ్లలో. మా ఇంట్లో ఎంత పోతుంది?

వాస్తవం: పెళ్లి విందులో విస్తట్లో వదిలేసింది అందరికీ కనబడుతుంది. ఇంట్లో పోయేది గుప్పెడు గుప్పెడుగా పోతుంది కాబట్టి లెక్కకు రాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే పోయింది. హోటళ్లు, క్యాంటీన్లు, విందుల వాటా 28 శాతం, దుకాణాల వాటా 12 శాతం. మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోలు పోతోందని ఆ నివేదిక అంచనా. నలుగురున్న ఇంటికి 220 కిలోలన్నమాట. తొక్కలు, ఎముకలు లాంటి తినలేనివీ ఈ లెక్కలో కలిసే ఉన్నాయి. అయినా చిన్న మొత్తం కాదు.

ఇది డబ్బున్న దేశాల జబ్బు అని పక్కకు తప్పుకోవడానికీ లేదు. ధనిక దేశాల ఇళ్లకూ మధ్యాదాయ దేశాల ఇళ్లకూ మధ్య తేడా మనిషికి ఏడాదికి 7 కిలోలేనని అదే నివేదిక చెబుతోంది.

అపోహ 2: నాలుగు మెతుకులు మిగిలేలా వండితేనే మర్యాద

వాస్తవం: అన్నం చాలకపోతే పరువు పోతుందనే భయం మనకు పాతదే. ఉమ్మడి కుటుంబాల కాలంలో ఆ భయానికి అర్థముంది. చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగేవారు, మిగిలినా మర్నాడు తినడానికి ఇంటి నిండా మనుషులుండేవారు. ఇప్పుడు గచ్చిబౌలిలో చాలా ఇళ్లలో ఉండేది ఇద్దరో ముగ్గురో. వచ్చేవాళ్లు ముందే ఫోన్ చేసి వస్తున్నారు. కొలత మాత్రం పాతదే మిగిలింది.

మన పెద్దలు సోల, తవ్వ, మానిక అంటూ కొలిచి బియ్యం పోసేవారు. అది పిసినారితనం కాదు, ఇంటిని నడిపే నేర్పు. మీ కుక్కర్‌తో వచ్చిన కప్పుతో ఒక వారం కొలిచి పోయండి. ఏ పూట ఎంత మిగిలిందో చూసుకుంటే మీ ఇంటి అసలు కొలత మీకే తెలుస్తుంది. వంటమనిషి ఉంటే, రాత్రి ఎవరెవరు ఇంట్లో తింటారో పొద్దున్నే ఆమెకు చెప్పండి. కొసరి కొసరి వడ్డించడం ప్రేమే. కానీ మొదట కొంచెం వడ్డించి, అడిగినప్పుడు మళ్లీ పెట్టడమూ ప్రేమే.

అపోహ 3: రాత్రి అన్నం పొద్దున తింటే ఒంటికి చెరుపు

వాస్తవం: పొలానికి పోయే మనిషి సద్దిమూట లేనిదే గడప దాటని నేల ఇది. ‘పెద్దల మాట చద్దన్నం మూట’ అనే సామెత పుట్టిందిక్కడే. బతుకమ్మ చివరి రోజును సద్దుల బతుకమ్మ అనే పిలుచుకుంటాం. పోతన భాగవతంలో చిన్ని కృష్ణుడు గోపబాలురతో కలిసి కూర్చుని తిన్నదీ చద్దన్నమే.

అయితే ఆ చద్దన్నాన్ని ఎలా చేసేవారో గమనించాలి. మిగిలిన అన్నాన్ని కుండలో వేసి, మునిగేలా నీళ్లు పోసి, కాస్త మజ్జిగ కలిపి మూత పెట్టేవారు. నీళ్లలో అన్నం త్వరగా చల్లారుతుంది. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా రాత్రంతా పనిచేసి పులుపు పుట్టిస్తుంది. ఆ పులుపులో చెడు సూక్ష్మజీవులు పెరగడం కష్టం. పొద్దున్నే, ఎండెక్కకముందే తినేసేవారు. అది శ్రద్ధగా పులియబెట్టిన అన్నం.

వండిన అన్నాన్ని కుక్కర్‌లో అలాగే తెల్లవార్లూ వదిలేయడం వేరే సంగతి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగా ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చటి అన్నంలో గంటల తరబడి సమయం దొరికితే మేలుకుని విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు, విరేచనాలు అందువల్లే. కాబట్టి వండిన అన్నాన్ని రెండు గంటల్లోపు, ఎండాకాలమైతే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాటికల్లా తినేయాలి. ఇలా దాచిన అన్నంతో పులిహోర, దద్దోజనం, తాలింపు అన్నం నిశ్చింతగా చేసుకోవచ్చు. చద్దన్నం అలవాటు లేనివారు, గర్భిణులు, పసిపిల్లలు, బాగా పెద్దవాళ్లు ఫ్రిజ్‌లో పెట్టిన అన్నాన్నే వాడుకోవడం మంచిది.

అపోహ 4: పొగలు వచ్చేలా వేడి చేస్తే ఏదైనా తినొచ్చు

వాస్తవం: అర్ధరాత్రి తెప్పించుకున్న బిర్యానీ ప్యాకెట్ బల్ల మీదే ఉండిపోతుంది. పొద్దున మైక్రోవేవ్‌లో పెట్టి తింటారు. ఐటీ కారిడార్‌లో బ్యాచిలర్ల గదుల్లో, హాస్టళ్లలో ఇది మామూలే. వేడికి చాలావరకు బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ అది అప్పటికే వదిలిన కొన్ని విషాలు మరిగించినా పోవు. వాసన, రుచి బాగానే ఉన్నా లోపల విషం ఉండవచ్చు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిమి సూక్ష్మజీవులకు పండగ. రాత్రంతా బయట ఉన్న మాంసం కూరను, బిర్యానీని పారేయడమే సరైన పని. వాటిని కాపాడుకునే సమయం రాత్రే, తిని లేవగానే. మిగిలింది డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి పడుకుంటే మర్నాడు మంచి భోజనం. తినే పూటకు సరిపడా మాత్రమే తీసి, లోపలిదాకా బాగా కాగేలా ఒక్కసారే వేడి చేసుకోవాలి.

అపోహ 5: వేడిగా ఉన్నది ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఒకసారి పెట్టాక ఎన్నాళ్లున్నా ఫర్వాలేదు

వాస్తవం: రెండూ సరికావు. పెద్ద గిన్నెను పొగలు కక్కుతుండగా లోపల పెడితే పక్కనున్నవీ వేడెక్కుతాయి. కాబట్టి వెడల్పాటి చిన్న డబ్బాల్లోకి సర్దండి. త్వరగా ఆరుతుంది, కాస్త గోరువెచ్చగా ఉన్నా పెట్టేయవచ్చు. పూర్తిగా చల్లారాలని నాలుగు గంటలు బయట ఉంచడమే తప్పు. చలి సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే తప్ప వాటిని చంపదు. పప్పు, కూరలు మూడు రోజుల్లోపు తినేయాలి. అంతకుమించి దాచాలంటే ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఇక్కడ మన పెద్దల ఎంగిలి పట్టింపు గుర్తు చేసుకోవాలి. నోట్లో పెట్టుకున్న చెంచాతో గిన్నెలో కలిపితే నోటిలోని సూక్ష్మజీవులు గిన్నెలోకి చేరతాయి. వడ్డనకు వేరే గరిటె వాడితే మిగిలింది మిగులుగా ఉంటుంది, ఎంగిలి కాదు. మిగులును దాచుకోవచ్చు.

అపోహ 6: ప్యాకెట్ మీద తేదీ దాటిందంటే చెత్తే

వాస్తవం: తేదీల్లో రెండు రకాలున్నాయి. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అని ఉంటే అది భద్రతకు సంబంధించిన గడువు. దాన్ని దాటనివ్వకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ తేదీ వరకు రుచి, కరకర, వాసన ఉత్తమంగా ఉంటాయని కంపెనీ చెప్పే మాట. అది దాటిన మర్నాడే పొడి సరుకు విషమైపోదు. సరిగ్గా మూసి పెట్టి, పురుగు, బూజు, ముక్కవాసన లేకపోతే వాడుకోవచ్చు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనలు గడువు తేదీని తప్పనిసరి చేసి, ‘బెస్ట్ బిఫోర్’ను అదనపు సమాచారంగా ఉంచాయి. కొనేటప్పుడే చదవండి. ఒకటి కొంటే ఒకటి ఉచితమని తెచ్చిన రెండో ప్యాకెట్ చాలాసార్లు విప్పకుండానే గడువు దాటుతుంది.

అపోహ 7: బూజు పట్టినంత మేర తీసేస్తే చాలు

వాస్తవం: వృథా చేయకూడదన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు. బ్రెడ్డు, అన్నం, కూర, మెత్తటి పండ్ల లోపలికి బూజు దారాలు కంటికి కనబడకుండా పాకుతాయి. పైనున్నది గీరేసినా లోపలిది మిగులుతుంది. బూజు పట్టిన వేరుశనగ గింజల్లో, ఎండుమిరపకాయల్లో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ ఉండవచ్చు. పారేయండి. మళ్లీ బూజు పట్టకుండా తక్కువగా కొని, తడి తగలకుండా దాచండి.

అపోహ 8: తొక్కలు, కాడలు, పులిసిన పిండి ఎందుకూ పనికిరావు

వాస్తవం: తెలుగు వంటిల్లు ఈ మాట ఒప్పుకోదు. బీరకాయ పొట్టు, సొరకాయ తొక్క పచ్చళ్లకు ప్రాణం. కొత్తిమీర కాడలు చారుకు రుచి. పుచ్చకాయలో ఎరుపు తిన్నాక మిగిలే తెల్ల భాగాన్ని బియ్యంతో రుబ్బి దోసెలు పోయవచ్చు. పులిసిన పెరుగుతో మజ్జిగ పులుసు, పులిసిన దోసెల పిండితో పునుగులు, గుంటపొంగనాలు. మిగిలిన ఇడ్లీలు చిదిపితే ఉప్మా. చపాతీలు తుంచి బెల్లం, నెయ్యి కలిపితే మలీద. వీటిలో చాలావరకు మన అమ్మమ్మలు చేసిన వంటలే.

ఒక్క నూనె విషయంలో ఆగాలి. వేయించగా నల్లబడి చిక్కబడిన నూనెను మళ్లీ మళ్లీ కాచకూడదు. వాడిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి దేశంలో నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కాబట్టి తక్కువ నూనెతో వేయించి, మిగిలింది వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరకు వాడేయడమే మేలు.

అపోహ 9: మిగిలింది ఎవరికో ఒకరికి ఇచ్చేస్తే పుణ్యం

వాస్తవం: ఏది, ఎప్పుడు, ఎలా ఇచ్చామన్నదే ముఖ్యం. మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, మనం తినలేక వాచ్‌మన్‌కో, ఇంటి పని చేసే అక్కకో ఇస్తే మన చెత్తను వారి చేతిలో పెట్టినట్టే. వాళ్లకూ పిల్లలున్నారు, కడుపులున్నాయి. ఇవ్వాలనుకుంటే వండిన పూటే, ఎంగిలి పడకముందే, కావాలా అని అడిగి, మంచి డబ్బాలో పెట్టి ఇవ్వండి. మీ పిల్లలకు ఇప్పుడు పెట్టగలిగిందే ఇంకొకరికి ఇవ్వదగింది.

ఇంట్లో వేడుకకు పెద్ద మొత్తంలో వండిస్తుంటే మిగులు ఎక్కడికి చేరాలో ముందురోజే మాట్లాడుకోండి. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ వాలంటీర్లు హైదరాబాద్‌లోనూ మిగులు ఆహారాన్ని ఆకలిగొన్నవారికి చేరుస్తున్నారు. మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి 2019లో కేంద్రం ప్రత్యేక నిబంధనలే తెచ్చింది. ముందే మాట్లాడుకోకుండా, అర్ధరాత్రి పెద్ద గిన్నె ముందు కూర్చుని ఫోన్లు చేస్తే ఎవరూ సమయానికి రాలేరు.

అపోహ 10: తడిచెత్త ఎలాగూ ఎరువో, గ్యాసో అవుతుంది కదా

వాస్తవం: విడదీస్తేనే అవుతుంది. పొడి చెత్తతో కలిసి కుళ్లితే దుర్గంధం, మురుగు రసం, గాలి అందని చోట మీథేన్ పుడతాయి. వందేళ్ల లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 28 రెట్లు బలమైనది. గచ్చిబౌలిలో మనం మరిచిపోయిన చెత్త భారం నగరానికి ఆ కొసన ఉన్న జవహర్‌నగర్ వాసులు మోస్తున్నారు. నగర చెత్త చేరే అక్కడి డంపింగ్ యార్డు నుంచి కారే రసంతో మల్కారం చెరువు పాడైంది.

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు అప్పట్లోనే 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు చెత్తను విడదీయాలని, వీలైనంత వరకు తడిచెత్తను ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలని చెప్పాయి. మీ అసోసియేషన్ సమావేశంలో ఈ సంగతి అడగండి. సాధ్యమేనని మన నగరమే చూపించింది. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) సాంకేతికతతో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల వరకు కరెంటు తీసే ప్లాంటు పెట్టారు.

అయినా ఎరువు ఆఖరి దారి. కిలో బియ్యం పండాలంటే వాననీటితో కలిపి సుమారు 2,500 లీటర్ల నీళ్లు కావాలని ప్రపంచ సగటు. రైతు చెమట, కరెంటు, వంట గ్యాసు దానికి అదనం. అన్నం కంపోస్టు గుంతలో పడ్డాక అవేవీ తిరిగి రావు.

రేపటి నుంచి మూడు పనులు చేసి చూడండి. ఫ్రిజ్‌లో కళ్లకు ఎదురుగా ఉండే అరను మిగులుకే కేటాయించండి. ప్రతి డబ్బా మీద వండిన రోజు రాసి అంటించండి. పారేసిన ప్రతిదాన్నీ నెల రోజులు కాగితం మీద రాయండి. పది రోజులకే మీ ఇంట్లో ఏది ఎక్కువ కొంటున్నారో, ఏది ఎక్కువ వండుతున్నారో ఆ కాగితం చెబుతుంది. ‘ఇవాళ ఏం వండుదాం’ అనే ముందు ‘నిన్న ఏం మిగిలింది’ అని అడిగే ఇంట్లో తడిచెత్త డబ్బా తేలికవుతుంది.