డ్రిప్పుకు సబ్సిడీ ఉంది, దాని బాగుకో?

మా కోలారు, చిక్కబళ్లాపురం వైపు ఒకప్పుడు చెరువు ఉన్న ఊళ్లో నీరుగంటి ఉండేవాడు. తూము తెరిచేది, మడులకు నీళ్లు పంచేది ఆయనే. కోతలప్పుడు రైతులు కళ్లంలోనే ఆయన వాటా ధాన్యం కొలిచేవాళ్లు. మిగిలితే ఇద్దామని ఎవరూ అనేవాళ్లు కాదు.

ఇప్పుడు మన మల్బరీ తోటల్లో బోరు, డ్రిప్పు. కేంద్ర పథకం కింద చిన్న, సన్నకారు రైతుకు యూనిట్ ఖర్చులో 55 శాతం సబ్సిడీ. అది బిగించేంతవరకే. తర్వాత చిరిగిన ఫిల్టరు జాలీ, ఎలుక కొరికిన పైపు, బోరు నీళ్ల ఉప్పు పట్టి మూసుకుపోయిన డ్రిప్పర్లు, అన్నీ మన జేబే. ఒక్కోటి చిన్న ఖర్చు, అందుకే వాయిదా వేస్తాం.

నేనూ వేశాను. పోయిన వేసవిలో పురుగులు నాలుగో జ్వరం లేచేసరికి చివరి సాళ్లలో ఆకు వాడిపోయి ఉంది. పురుగు మొత్తం తినే ఆకులో ముప్పాతికకు పైగా ఆ చివరి వారంలోనే కదా తినేది! పక్కూళ్లో ఆకు కొని మేపాను. గూళ్లమ్మిన డబ్బు ఆకు బాకీకే సరిపోయింది.

ఇప్పుడు గూళ్లమ్మిన రోజే, అంగడి బాకీలకన్నా ముందు, ఎకరాకు ఇంత అని వేరే డబ్బాలో వేస్తున్నా. ఏడాదికి ఐదు పంటలంటే ఐదుసార్లు. ‘నీరుగంటి వాటానా?’ అని మా అమ్మ నవ్వుతుంది. అవును, అదే. వానాకాలంలో తోటలో నీళ్లు నిలిచి వేరు కుళ్లకుండా పల్లంవైపు కాలువ పూడిక తీయించే కూలి కూడా అందులోంచే.

పైపుల చివరి మూతలు విప్పి, నీళ్లు తేటపడేదాకా వదలడానికి మాత్రం డబ్బక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే ఆ పని నాది.