సమ్మర్ అసోసియేట్

సమ్మర్ అసోసియేట్ అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేసవి సెలవుల కాలంలో ఒక న్యాయవాద సంస్థలో జీతానికి పనిచేసే న్యాయశాస్త్ర విద్యార్థి. వీరిని సమ్మర్ క్లర్కులు అని కూడా అంటారు. పెద్ద కార్పొరేట్ న్యాయవాద సంస్థలు కొత్తగా చేర్చుకొనే పట్టభద్రులలో అధికభాగం ఈ మార్గం ద్వారానే వస్తారు. కనుక ఇది పేరుకు వేసవి పని అయినా, నిజానికి సుదీర్ఘమైన ఉద్యోగ పరీక్ష వంటిది.

దీనిని న్యాయస్థానాలలోని లా క్లర్క్ పదవితో పోల్చి పొరబడరాదు. లా క్లర్కు సాధారణంగా పట్టా పొందిన తరువాత ఒకటి రెండు సంవత్సరాలపాటు న్యాయమూర్తికి సహాయకునిగా ఉంటాడు.

నేపథ్యం

19వ శతాబ్దంలో అమెరికాలో అనేకులు న్యాయవాదుల కార్యాలయాలలో శిష్యరికం చేసి వృత్తి నేర్చుకొనేవారు. 1870లో హార్వర్డ్ న్యాయ కళాశాల డీన్‌గా నియమితుడైన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ న్యాయస్థానాల తీర్పుల ఆధారంగా బోధించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. క్రమంగా న్యాయవిద్య కార్యాలయాల నుండి విశ్వవిద్యాలయాలకు తరలింది. 20వ శతాబ్దం తొలినాళ్ళలో న్యూయార్కు న్యాయవాది పాల్ క్రావత్ తన సంస్థకు ఒక విధానం ఏర్పరచాడు. మంచి కళాశాలలలో ఉత్తమ శ్రేణి పొందిన పట్టభద్రులను నేరుగా తీసుకొని, శిక్షణ ఇచ్చి, వారిలో కొందరిని భాగస్వాములుగా చేయడం ఇందులోని ముఖ్యాంశం. ఇతర పెద్ద సంస్థలు కూడా దీనిని అనుసరించాయి. ఇట్టి పట్టభద్రులను ముందుగానే గుర్తించుటకు వేసవి నియామకాలు సాధనమయ్యాయి.

ఎంపిక విధానం

అమెరికాలో న్యాయ పట్టా కోర్సు మూడు సంవత్సరాలు. రెండవ సంవత్సరం ముగిసిన తరువాత వచ్చే వేసవి అత్యంత ముఖ్యమైనది. మొదటి సంవత్సరపు గ్రేడులు, చదివే కళాశాల పేరు, ఇంటర్వ్యూ ఆధారంగా సంస్థలు విద్యార్థులను ఎంచుకొంటాయి. మొదటి సంవత్సరంలో అనేక విషయాలకు ఒకే ఒక అంతిమ పరీక్ష ఉంటుంది. గ్రేడులను తరగతిలోని ఇతరులతో పోల్చి నిర్ణయిస్తారు. కనుక అందరూ బాగా వ్రాసినా అందరికీ పై గ్రేడు రాదు.

1971లో ఏర్పడిన నేషనల్ అసోసియేషన్ ఫర్ లా ప్లేస్‌మెంట్ చాలాకాలం నియామకాల తేదీలకు నియమాలు రూపొందించింది. 2018లో ఈ నియమాలను ఉపసంహరించుకొంది. అటుపిమ్మట సంస్థలు పోటీపడి నియామకాలను ముందుకు జరిపాయి. కళాశాలలలో జరిగే ఇంటర్వ్యూల కొరకు వేచియుండక, మొదటి సంవత్సరం పూర్తికాక ముందే నేరుగా దరఖాస్తులు తీసుకొనడం పెరిగింది.

పని, వేతనం

ఈ కార్యక్రమం సాధారణంగా పది వారాలు ఉంటుంది. పూర్వ తీర్పులను వెదకి నివేదిక వ్రాయడం, ఒప్పందాల ముసాయిదాలలో సహాయపడడం, ఒక కంపెనీని కొనే ముందు దాని అప్పులు, ఒప్పందాలు, వ్యాజ్యాలను పరిశీలించడం వంటి పనులు అప్పగిస్తారు. పేదలకు చేసే ఉచిత న్యాయసేవలో కూడా కొందరు పాల్గొంటారు. విందులు, వినోద కార్యక్రమాలు కూడా ఏర్పాటు చేస్తారు. అక్కడి నడవడిక కూడా గమనింపబడుతుంది.

వేతనం మొదటి సంవత్సరపు న్యాయవాది జీతానికి సమాన నిష్పత్తిలో ఉంటుంది. 2024లో న్యూయార్కులోని పెద్ద సంస్థలలో ఆ జీతం సంవత్సరానికి 2,25,000 డాలర్లు, అనగా వారానికి సుమారు 4,300 డాలర్లు. చదువు కొరకు లక్ష డాలర్లకు పైగా అప్పు చేసిన విద్యార్థులు అనేకులు ఉన్నందున, ఈ అవకాశం దక్కడం, దక్కకపోవడం వారి జీవితాలలో పెద్ద తేడా తెస్తుంది.

ఫలితాలు

వేసవి చివర సంస్థ శాశ్వత ఉద్యోగం ఇవ్వజూపుతుంది. మంచి కాలంలో ఇది పదిమందిలో తొమ్మిది మందికి పైగా లభిస్తుంది. ఆర్థిక మాంద్యం వలన 2009లో ఈ నిష్పత్తి 70 శాతం సమీపానికి పడిపోయింది. 2020లో కోవిడ్ కారణంగా అనేక సంస్థలు కార్యక్రమాన్ని కుదించి ఆన్‌లైన్‌లో నిర్వహించాయి.

కొన్ని ప్రసిద్ధ ఉదాహరణలు:
* రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 1958 వేసవిలో న్యూయార్కులోని ఒక ప్రముఖ సంస్థలో పనిచేసినా ఆమెకు ఉద్యోగం లభించలేదు. 1959లో కొలంబియాలో ప్రథమ స్థానాన్ని మరొకరితో పంచుకొని పట్టా పొందిన ఆమె, 1993లో సుప్రీం కోర్టు న్యాయమూర్తి అయ్యారు.
* బరాక్ ఒబామా 1989లో, హార్వర్డ్‌లో మొదటి సంవత్సరం తరువాత, చికాగోలోని సిడ్లీ అండ్ ఆస్టిన్‌లో పనిచేశారు. అక్కడ ఆయనకు మార్గదర్శిగా నియమితురాలైన మిషెల్ రాబిన్సన్‌ను 1992లో వివాహమాడారు. ఆయన కార్పొరేట్ న్యాయాన్ని వృత్తిగా స్వీకరించలేదు.

విమర్శలు

నియామకాలు ముందుకు జరిగిన కొద్దీ, ఒక్క సెమిస్టరు గ్రేడులే భవిష్యత్తును నిర్ణయిస్తున్నాయన్నది ప్రధాన విమర్శ. న్యాయవాదుల కుటుంబాల నుండి వచ్చినవారికి ఈ కాలక్రమం ముందే తెలిసియుంటుంది. కుటుంబంలో మొదటిసారి కళాశాల చదువుతున్నవారికి అది తెలిసేసరికి గడువు దాటిపోవచ్చును. పైగా న్యాయశాస్త్రంలో ఏ శాఖ తమకు ఇష్టమో తెలియక ముందే విద్యార్థి ఎంచుకోవలసి వస్తుంది.

భారతదేశంలో

భారతదేశంలో దీనికి దగ్గరగా ఉన్నది ఇంటర్న్‌షిప్. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం మూడేళ్ళ కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ళ కోర్సులో కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ సంవత్సరంలోనూ ఇది వరుసగా నాలుగు వారాలకు మించరాదు. కనుక ఇక్కడి విద్యార్థులు ఒకే సుదీర్ఘ వేసవికి బదులు పలుచోట్ల కొద్దికాలం పనిచేస్తారు. 1998లో హైదరాబాదులో స్థాపించిన నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో, ఇంటర్న్‌షిప్‌లో మెప్పించినవారికి పట్టా రాకముందే కార్పొరేట్ సంస్థలు ఇచ్చే ఉద్యోగాన్ని ప్రీ-ప్లేస్‌మెంట్ ఆఫర్ అంటారు.

ఇవి కూడా చూడండి
* న్యాయవాది
* బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా
* నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం